మినిట్ రిపీటర్ వాచ్ గంట గంటకూ దానంతటదే మోగుతుందా?

మోగదు, కేసు పక్కనున్న చిన్న మీటను నెడితేనో, బటన్ నొక్కితేనో మాత్రమే మినిట్ రిపీటర్ మోగి టైమ్ చెబుతుంది.

కరెంటు దీపాలు లేని రోజుల్లో, చీకట్లో టైమ్ తెలుసుకోవడానికి పుట్టిన ఏర్పాటు ఇది. మీటను నెట్టినప్పుడు ఈ పని కోసమే ఉన్న ఒక స్ప్రింగ్ బిగుసుకుంటుంది. అది వదులవుతూ రెండు బుల్లి సుత్తులను ఆడిస్తుంది. ఎన్ని దెబ్బలు కొట్టాలో తేల్చేవి, నత్తగుల్ల ఆకారంలో మెట్లుమెట్లుగా కోసిన బిళ్లలు. ముళ్లను నడిపే చక్రాలతోపాటే అవీ తిరుగుతాయి కాబట్టి లెక్క తప్పదు.

12:59కి నొక్కారనుకోండి. గంటలకు 12 మంద్రపు దెబ్బలు, మూడు పావుగంటలకు మూడు జంట దెబ్బలు, మిగిలిన 14 నిమిషాలకు 14 సన్నని దెబ్బలు. మొత్తం 32! మోగుతుండగా మాత్రం టైమ్ మార్చకూడదు, చాలా మోడళ్లలో లోపలి భాగాలు దెబ్బతింటాయి.

దానంతటదే మోగే వాచ్‌లూ ఉన్నాయి, వాటిని సొనరీ అంటారు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే అయోమయం. లోపల చిన్న గంటలు వేలాడతాయనుకోవడమూ పొరపాటే. నిజానికి అక్కడ ఉండేది యంత్రం చుట్టూ వంచిన ఉక్కు తీగ. స్వరం కుదిరేదాకా నిపుణులు దాన్ని చేత్తోనే కొద్దికొద్దిగా అరగదీస్తారు. అందుకే ఒకే మోడల్‌లోనూ ఏ రెండు వాచ్‌ల నాదమూ అచ్చం ఒకేలా ఉండదు. సేకరించేవాళ్లు చెవితో విన్నాకే కొనడం మంచిది.