పరీక్ష ఉచితమే, రిపోర్టుకే 2,300

ప్రశ్న: మాది కరీంనగర్. నేను బట్టలు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ రావడంతో నన్నూ ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోమన్నారు. హైదరాబాద్‌లో ఉచితంగా చేస్తారంటే ఇద్దరం వెళ్లాం. రిపోర్టు కోసం వారం తర్వాత మళ్లీ వెళ్లాం. అంతా బాగానే ఉందన్నారు కానీ, 1,800 ఖర్చయింది. ఏటా ఇలా అంటే మాకు భారమే. ట్యాక్స్‌లో ఏమైనా వెనక్కి వస్తుందా?

జవాబు: మీరు చేతి నుంచి పోయిందే లెక్కేశారమ్మా, రాకుండా పోయింది లెక్కేయలేదు. మీ కుట్టుపని రోజుకు 500, డీజిల్ పోగా ఆయనకు మిగిలేది 900 అని రాశారు. రెండు రోజులకు 2,800. అంటే మీకు అసలు పడింది 4,600. పైగా ఆటో ఆగినా ఫైనాన్స్ వాయిదా ఆగదు.

అలాగని పరీక్ష మానేయమని నేను చెప్పను. మీ ఇంట్లో అక్కకు వచ్చింది కాబట్టి అది తప్పనిసరి. తగ్గించాల్సింది ప్రయాణాలను. రెండోసారి వెళ్లింది ఒక్క కాగితం కోసం, దానికి 2,300 పోయింది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: రిపోర్టు వాట్సాప్‌లో పంపుతారా, అంతా నార్మల్ అయితే ఫోన్‌లో చెబుతారా అని. చాలామంది మొహమాటానికి ఈ మాట అడగరు. దగ్గర్లో మామోగ్రామ్ చేసే చోటు ఉందేమో కూడా మీ ప్రాంత ఆశా కార్యకర్తను అడిగి చూడండి. అక్కడ కొంత ఫీజు కట్టాల్సి వచ్చినా హైదరాబాద్ 'ఉచితం' కంటే చవకే కావచ్చు.

తోడుగా మీ ఆయన బదులు వదినో చెల్లెలో వస్తే ఇంకా నయం. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం కింద ఇద్దరికీ ఎక్స్‌ప్రెస్ బస్సులో చార్జీ ఉండదు, ఆధార్ మాత్రం పట్టుకెళ్లండి. ఆయన బస్సు చార్జీ 500, ఆయన రోజు సంపాదన 900, రెండూ మిగులుతాయి. డాక్టర్ తొందర పెట్టకపోతే ఆషాఢంలో వెళ్లండి. పెళ్లిళ్లు ఉండవు, జాకెట్ల ఆర్డర్లూ తగ్గుతాయి.

ట్యాక్స్ సంగతి: ఆదాయపు పన్నులో ముందస్తు పరీక్షలకు 5,000 దాకా మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. బస్సు చార్జీలు, పోయిన కూలి అందులోకి రావు. అసలు ట్యాక్సే కట్టని మీకు దాంతో పని లేదు.

నెలకు 200 విడిగా ఖాతాలో వేయండి. ఏడాదికి 2,400 అవుతుంది. మామూలు ట్రిప్పు మీకు 900లోపే తేలుతుంది, మిగతాది కదపకండి. అనుమానం ఉంది, మళ్లీ రండి అని పిలిచినప్పుడు చేతిలో డబ్బుల్లేక వాయిదా వేసేవాళ్లను చూశాను, నాకు భయం అక్కడే. అన్నట్టు, ఈసారి ఇచ్చిన ఫిల్ములు పారేయొద్దు. వచ్చే ఏడు పాతవాటితో పోల్చి చూస్తారు. ఇంట్లో మరిచిపోతే అదొక ట్రిప్పు.