ప్రార్థనకు మాట రానప్పుడు

ప్రశ్న: మా వారి ఉద్యోగం పోయి ఆరు నెలలు దాటింది. ఇంటి లోన్ ఈఎంఐ నెత్తిమీద ఉంది. మోకరిస్తే మాట రాదు, దేవుడి మీద కోపం వస్తోంది. 'మీకు విశ్వాసం తక్కువ, అందుకే జవాబు రావట్లేదు' అన్నారు సంఘంలో కొందరు. ఆదివారం చర్చికి వెళ్లడం మానేశాం. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?
– ఒక సోదరి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సోదరీ, కోపాన్ని దాచుకుని ప్రార్థించబోతే గొంతు పెగలదు. ఆ కోపాన్నే ఆయన ముందు పెట్టండి. బైబిల్లో 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు 'ఇంకెన్నాళ్లు' అని నాలుగుసార్లు నిలదీస్తాడు. తర్వాతి రెండింటిలో తనకేం కావాలో అడుగుతాడు. చివరి రెండింటిలో నీ కృపను నమ్ముకున్నానంటాడు. ఈలోగా అతని కష్టం తీరినట్టు ఒక్క మాటా లేదు.

మీరూ ఇదే వరసలో వెళ్లండి. పొద్దున్నే పదిహేను నిమిషాలు చాలు. కీర్తన పైకి చదివి, నోటుబుక్కులో తేదీ వేసి మీ 'ఇంకెన్నాళ్లు' రాయండి. 'మా కష్టాలు' అని ముక్తసరిగా వద్దు. ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ రాలేదని, ఐదో తారీఖు ఈఎంఐ ఉందని రాయండి. ఆపైన ఈ ఒక్కరోజుకు కావలసింది అడగండి. చివర్లో దేవుడి గురించి ఇవాళ మనస్ఫూర్తిగా అనగలిగే ఒక్క వాక్యం. అది రాకపోతే జాగా వదిలేయండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అదీ దేవుని వాక్యమే.

చాలామంది దెబ్బతినేది గడువు దగ్గర. 'నెలాఖరుకల్లా ఉద్యోగం' అని మనమే తేదీ పెట్టుకుంటాం, అది దాటగానే దేవుడు మాట తప్పాడంటాం. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడ్డ వచనాన్ని వాగ్దానంగా పట్టుకున్నా ఇదే జరుగుతుంది. అధ్యాయమంతా చదవండి, అది ఎవరికి ఎందుకు చెప్పారో తెలుస్తుంది.

విశ్వాసం తక్కువన్న మాట మనసులోంచి తీసేయండి. కష్టాల్లో ఉన్న యోబును తప్పుబట్టిన స్నేహితుల మీదే యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడ్డాడు. సంఘమంతటినీ ఎదుర్కోలేకపోతే, మీకు నమ్మకమైన ఒక్క కుటుంబంతో కలిసి ఆరాధనకు వెళ్లండి. ఈఎంఐ తప్పకముందే బ్యాంకుకు వెళ్లి వెసులుబాటు అడగండి. ప్రార్థిస్తున్నాం కదా అని ఆ పని వాయిదా వేయొద్దు.

తిండీ నిద్రా చూసుకోండి. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. రెండు వారాలుగా నిద్ర లేకుంటే డాక్టరును కలవండి, మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. ఇద్దరిలో ఎవరికైనా చనిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, ఉచితం.

ప్రశ్న: షుగర్‌కు ఇన్సులిన్ తీసుకుంటున్నాను. మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేయవచ్చా?
– ఒక సోదరుడు, కె.ఆర్.పురం

జవాబు: డాక్టరును అడగకుండా వద్దు. ఇన్సులిన్ తీసుకుని తినకపోతే షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఆ మూడు రోజులు ఫోన్, టీవీ మానేసి ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వండి.