మాస్టారిని అడగండి: పునుగుల పందెం, టంగ్‌స్టన్ గోడ

ప్రశ్న: మాస్టారూ, విజయవాడ ఆటోనగర్‌లో నాకు వెల్డింగ్ షెడ్డు ఉంది. సూర్యుడిలోలా అణువులను కలిపి శక్తి పుట్టించడానికి ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో వేడి 15 కోట్ల డిగ్రీలట, గోడకు టంగ్‌స్టన్ వాడతారట. నా టిగ్ వెల్డింగ్ సూదీ అదే లోహం. రోజూ సానపట్టుకుంటూనే ఉంటాను. ఆ గోడ కరిగిపోతుందని నేనంటాను. అయస్కాంతాలు ప్లాస్మాను, అంటే లోపల మండే ఆ విద్యుదావేశ వాయువును, పట్టి ఉంచుతాయి కాబట్టి గోడకు సెగే తగలదని ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడంటాడు. ఓడినవాడు పునుగులు తినిపించాలి. తీర్పు చెప్పండి.

జవాబు: గుంటూరులో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పాను గానీ, పునుగుల పంచాయితీకి పెద్దమనిషిగా కూర్చోవడం ఇదే మొదలు.

ముందు మీ సంగతి. డిగ్రీలు చూసి బెదరకండి. గ్రైండర్ రవ్వ వెయ్యి డిగ్రీలు దాటి ఉన్నా ముంజేతి మీద చురుక్కుమని ఊరుకుంటుంది. అందులో సరుకు లేదు మరి. ప్లాస్మా గాలికంటే రెండు లక్షల రెట్లకు పైగా పలచన. అడగాల్సింది ఎన్ని డిగ్రీలని కాదు, ఒక చోట ఎంత వేడి వచ్చి పడుతోందని.

ఇక్కడే మీ మేనల్లుడు దొరికిపోయాడు. ఇందులో ఇంధనం డ్యుటీరియం, ట్రిటియం అనే బరువైన హైడ్రోజన్ రకాలు. అవి కలిసి మండితే మిగిలే బూడిద హీలియం. బూడిద తియ్యని పొయ్యి ఎంతసేపు మండుతుంది? అందుకే ఆ బూడిదను లాగేయడానికి గది అడుగున డైవర్టర్ అనే భాగం పెట్టి, ప్లాస్మా అంచును కావాలనే అక్కడికి దింపుతారు. ఈటర్‌లో దానికి 54 భాగాలు. చదరపు మీటరుకు 10 మెగావాట్లు నిలకడగా మొయ్యాలి, కాసేపు 20 కూడా. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం మన నెత్తిన పడేది చదరపు మీటరుకు ఒక కిలోవాటు. అలాంటి పదివేల ఎండలు ఒక్క చోట!

టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీలు కావాలి. వెనక రాగి మిశ్రమం గొట్టాల్లో నీళ్లు పరుగెడుతుంటాయి గనుక అంతదాకా రానివ్వరు. కానీ వేడెక్కితే రాగి టంగ్‌స్టన్‌కు దాదాపు నాలుగు రెట్లు సాగుతుంది. ఆ రెండింటినీ అతకడం ఎంత తలనొప్పో మీకు నేను చెప్పాలా! పైగా ప్లాస్మా అంచు మిల్లీసెకన్లలో ఎగదన్నుతుంది. నీళ్లు అందుకునేలోపే పైపొర పగుళ్లిస్తుంది.

అసలు భయం కరగడం కన్నా అరగడం. క్యారమ్ స్ట్రైకర్‌లా కణాలు గోడ అణువులను ఎగరగొడతాయి. ఒకప్పుడు గ్రాఫైట్ పలకలు వాడేవారు. కార్బన్ కరగదు, నిజమే. కానీ హైడ్రోజన్‌తో కలిసి లేచిపోయి, మరో చోట పేరుకుని ట్రిటియాన్ని మింగేస్తుంది. అందుకే ఇంగ్లండ్‌లోని జెట్ (JET) అనే ఫ్యూజన్ యంత్రం 2011లో గోడలకు బెరీలియం అనే తేలిక లోహం, అడుగున టంగ్‌స్టన్ వేసుకుంది. ఈటర్ గోడలకూ మొదట బెరీలియమే అనుకున్నారు, 2023లో టంగ్‌స్టన్‌కు మారారు.

టంగ్‌స్టన్ బరువైన అణువు. తేలికపాటి హైడ్రోజన్ దాన్ని కదపడం గోళీతో ఇనుపగుండును కొట్టడమే. కానీ కాస్త లేచి లోపలికి పోయిందా, వెలుగు చిమ్మి ప్లాస్మా వేడిని తోడేస్తుంది. సూది కొస ఊడి కరిగిన లోహంలో పడితే అతుకు చెడుతుంది కదా, అలాగన్నమాట. విరుగుడుగా అంచులో కాస్త నియాన్ వాయువు వదులుతారు. డైవర్టర్‌కు చేరకముందే వేడిలో చాలా భాగం వెలుగుగా చెదిరిపోతుంది.

కరుగుతుందన్న మీరు సగం ఓడారు. సెగే తగలదన్న కుర్రవాడు పూర్తిగా ఓడాడు. పునుగులు అతడివి, అల్లం చట్నీ మీది.