రెజిలియన్స్ అంటే స్థితిస్థాపకతేనా?

ప్రశ్న: మా ఆఫీసులో పోయిన నెల రెజిలియన్స్ మీద రెండ్రోజుల ట్రైనింగ్ పెట్టారు. అది అయిన వారానికే ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి తన పుస్తకంలో అదే పదం చూపించి, దీనికి ఫార్ములా కూడా ఉందమ్మా అంది. పేపర్ తెరిస్తే బ్యాంకులకీ అదే మాట, అడవులకీ అదే మాట. ఇవన్నీ ఒకటేనా? డిక్షనరీలో 'స్థితిస్థాపకత' అని ఉంది. మనిషికి స్థితిస్థాపకత ఏమిటండీ? - ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం సరైందేనండీ. స్థితిస్థాపకత అనేది హైస్కూలు ఫిజిక్సులో ఎలాస్టిసిటీకి మనం నేర్చుకున్న మాట, లాగి వదిలితే మళ్లీ మొదటి ఆకారానికి వచ్చే గుణం. రెజిలియన్స్ దానికి దగ్గర చుట్టమే కానీ రెండూ ఒకటి కావు, మీ అమ్మాయి పుస్తకంలో కూడా వేరువేరుగానే ఉంటాయి చూడండి.

అక్కణ్ణుంచే మొదలుపెడదాం. ఒక ఉక్కు కడ్డీని లాగుతున్నారనుకోండి, కొంతవరకూ సాగుతుంది, వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. ఆ హద్దు దాటారా, సాగింది సాగినట్టే ఉండిపోతుంది. హద్దు లోపల ఎంత శక్తిని తనలో దాచుకుని తిరిగి ఇచ్చేయగలదో అదే రెజిలియన్స్. ఫార్ములా ఏమిటంటే, హద్దు దగ్గరి ప్రతిబలాన్ని (స్ట్రెస్) వర్గం చేసి, యంగ్ గుణకానికి (ఆ పదార్థం సాగడానికి ఎంత మొరాయిస్తుందో చెప్పే అంకె) రెట్టింపుతో భాగించాలి, అంతే. ఉక్కు ఏ రకమైనా యంగ్ గుణకం ఇంచుమించు ఒకటే కాబట్టి, హద్దు రెట్టింపైతే దాచుకునే శక్తి నాలుగు రెట్లవుతుంది. స్ప్రింగులకి మెత్తటి ఉక్కు వాడకుండా ప్రత్యేకంగా గట్టిపరిచిన ఉక్కు వాడేది ఇందుకే. పూర్తిగా తెగిపోయేదాకా ఎంత శక్తి మింగగలదు అన్నది మళ్లీ వేరే లెక్క, దాన్ని టఫ్‌నెస్ అంటారు. ఎన్ని దెబ్బలు తిన్నా విరగని మనిషిని మనం రెజిలియంట్ అని మెచ్చుకుంటాం గానీ, ఇంజినీరుని అడిగితే ఆయన టఫ్ అంటారు. వంగిపోయి అలాగే ఉండిపోయినా టఫే మరి!

అడవుల దగ్గరికొస్తే అర్థం దాదాపు తిరగబడుతుంది. 1973లో కెనడాకి చెందిన ఎకాలజిస్టు హోలింగ్ ఒక వ్యాసంలో, నిలకడ వేరు, రెజిలియన్స్ వేరు అని విడదీశారు. ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి స్ప్రూస్ బడ్‌వర్మ్ అనే గొంగళిపురుగు. ఏళ్ల తరబడి కంటికి కనపడదు, ఉన్నట్టుండి లక్షల్లో పుట్టుకొచ్చి బాల్సమ్ ఫర్ చెట్లని (పేరు స్ప్రూస్ చెట్టుది, ఎక్కువ దెబ్బ ఫర్‌కి) తినేస్తుంది. చూస్తే అడవి నాశనమైపోయినట్టే ఉంటుంది. కానీ ముదురు ఫర్ చెట్లు పోవడం వల్లే స్ప్రూస్, బర్చ్ చెట్లకి ఎదగడానికి చోటు దొరుకుతుంది, కింద ఉన్న లేత ఫర్ మొక్కలు మళ్లీ లేస్తాయి. నిలకడ ఏమాత్రం లేదు, అయినా అడవి అడవిగానే ఉంది. అంటే ఇక్కడ ఎంత త్వరగా పాత స్థితికి వచ్చిందన్నది కాదు ప్రశ్న, ఎంత దెబ్బ తగిలేదాకా తన తీరు మారకుండా ఉండగలదు అన్నది.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో లోతు తక్కువ చెరువుల్లో బాగా కనిపిస్తుంది. ఎరువుల నుంచి ఫాస్ఫరస్ కొంచెం కొంచెంగా చేరుతున్నా నీళ్లు చాలాకాలం తేటగానే ఉంటాయి, తర్వాత ఒక్కసారిగా నాచుతో పచ్చగా మారిపోతాయి. అప్పుడు ఫాస్ఫరస్‌ని వెనకటి స్థాయికి తగ్గించినా తేటపడవు, ఇంకా చాలా తగ్గించాలి, ఎందుకంటే అడుగు బురదలో చేరిందంతా మళ్లీ నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. పాత స్థితికి దారి వచ్చిన దారి కాదన్నమాట.

బ్యాంకుల సంగతి ఇంత లోతైనది కాదు. నష్టాలొస్తే డిపాజిటర్ల దాకా రాకుండా ముందు మింగడానికి వాటాదార్ల సొమ్ము ఎంత ఉంది అన్నదే అందులో ముఖ్యం. 2008 సంక్షోభం తర్వాత బాసెల్ 3 అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనలు బిగించింది ఎక్కువగా దీన్నే. కంప్యూటర్ల వాళ్లది ఇంకో తమాషా. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్లు నడుస్తున్న తమ సర్వర్లనే పనివేళల్లో ఇష్టమొచ్చినట్టు ఆపేసే ప్రోగ్రామ్ ఒకటి రాసి, దానికి కేయాస్ మంకీ అని పేరు పెట్టారు. ఒకటి పడిపోయినా మిగతావి పని అందుకుంటున్నాయో లేదో తేల్చుకోవడానికి కోతిని వదలడం!

ఇక మనిషి. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, ఆమె తోటి పరిశోధకులు దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, పుట్టుకలో ఇబ్బందులు, ఇలాంటివి నాలుగైదు కలిసొచ్చిన పిల్లల్లో చాలామంది చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బంది పడ్డారు, కానీ దాదాపు మూడో వంతు మంది చక్కగా పెరిగి పెద్దయ్యారు. వాళ్లలో కొందరికి పుట్టుకతోనే కలుపుగోలు స్వభావం ఉంది, నిజమే. దానితోపాటు పదే పదే కనిపించింది ఏమిటంటే, అమ్మమ్మో, టీచరో, పక్కింటావిడో, నమ్ముకోదగ్గ పెద్ద మనిషి కనీసం ఒక్కరైనా ఉండటం.

మీ ట్రైనింగ్‌లో ఈ చివరి ముక్క చెప్పారా? నా అనుమానం చెప్పలేదనే. ఊపిరి ఇలా పీల్చండి, పాజిటివ్‌గా ఆలోచించండి, డైరీ రాయండి అని చెప్పి పంపేసి ఉంటారు. అవి చెడ్డవని కాదు, నేనూ టెన్షన్‌గా ఉన్నప్పుడు చేస్తాను. కానీ కడ్డీ వంగిపోతుంటే ఏ ఇంజినీరూ కడ్డీకి క్లాసు పీకరు, బరువు తగ్గిస్తారు, లేదా పక్కన ఇంకో కడ్డీ పెడతారు. ముగ్గురి పని ఒకరి మీద వేసి, ఆ ఒక్కరికీ తట్టుకోవడం నేర్పిస్తాం అంటే అది ఆ పదాన్ని వాడుకోవడమే. మళ్లీ క్లాసుంటే, బరువు సంగతి ఎవరు చూస్తారని అడిగి చూడండి.

ప్రశ్న: సరే, మరి తెలుగులో ఏమనాలి? - అదే పాఠకురాలు, ఉత్తరం చివర్లో

జవాబు: ఒక్క నామవాచకం కోసం వెతకడం దగ్గరే చిక్కొస్తోంది. మనకి క్రియలు బోలెడున్నాయి. బ్యాంకు నష్టాల్ని తట్టుకుంటుంది, అడవి తేరుకుంటుంది, జబ్బుపడ్డ మనిషి కోలుకుంటాడు, అన్నీ పోగొట్టుకున్న కుటుంబం మళ్లీ నిలదొక్కుకుంటుంది, పడిపోయిన వ్యాపారం పుంజుకుంటుంది. సందర్భాన్ని బట్టి వీటిలో ఒకటి రాస్తే చదివేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మీ అమ్మాయి పుస్తకంలో దానికైతే రెజిలియన్స్ అనే ఉంచేయండి, స్థితిస్థాపకత అని రాస్తే పరీక్షలో ఎలాస్టిసిటీ అనుకుని మార్కులు కోస్తారు.