ఫిల్లింగ్ ఎత్తుగా తగులుతోంది, అలవాటయ్యేదాకా ఆగాలా?

ఆగొద్దు. రేపే వెళ్ళండి.

మూడు రోజుల క్రితం దవడ పన్నుకి ఫిల్లింగ్ చేయించుకున్నారు, నోరు మూస్తే ఆ పన్నే ముందు తగులుతోంది, డాక్టరు గారేమో నాలుగు రోజుల్లో అలవాటైపోతుందన్నారు. మీరు అడిగింది ఇదే కదా. సరిగ్గా ఈ మాటే నమ్మి నేను పదకొండు రోజులు ఆగాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాది కింది వరసలో కుడివైపు పన్ను. ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి, బుగ్గ, సగం నాలుక మొద్దుబారిపోయాయి. కుర్చీ పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. పన్ను రంగు ఫిల్లింగ్ పెట్టి, నీలం లైటు వేసి గట్టిపరిచి, నోట్లో రంగు కాగితం పెట్టి కరవమన్నారు. కరిచాను. "బాగానే ఉందా?" అన్నారు. సగం మొహం నాది కానట్టు ఉన్నప్పుడు బాగుందో లేదో నాకేం తెలుస్తుంది? తలూపి వచ్చేశాను.

తిమ్మిరి వదిలేసరికి రాత్రయింది. మొదటి ముద్ద నమలగానే తెలిసిపోయింది. ఎడమవైపు పళ్ళు ఇంకా కలవనే లేదు, కుడివైపు మాత్రం టక్కుమని తగిలింది. మంచం కోడు ఒకదాని కింద రాయి పెడితే మంచమంతా ఎలా ఊగుతుందో, నా నోరు అలా అయింది. మూడో రోజుకి చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంది. ఐదో రోజుకి వేలితో నొక్కినా నొప్పే. ఆ పన్ను తగలకుండా దవడని పక్కకి జరిపి నమలడం మొదలుపెట్టాను, దాంతో కణత దగ్గర నొప్పి కూడా తోడైంది. ఫోన్ చేస్తే, "కొత్తది కదమ్మా, అడ్జస్ట్ అవుతుంది" అన్నారు.

ఏది అడ్జస్ట్ అవుతుంది? లైటు వేసి గట్టిపరిచిన ఫిల్లింగ్ తడి మట్టి కాదు, నొక్కితే అణగడానికి. పన్ను వేరు ఎముకలో నేరుగా పాతేసి ఉండదు, చుట్టూ సన్నటి నారలాంటి పొర ఉంటుంది. దాని మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఎత్తున్న పన్ను మీద కరిచిన ప్రతిసారీ దెబ్బంతా ఆ పొర మీదే పడుతుంది. కొద్దిపాటి ఎత్తయితే కొందరికి తనంతట తనే సర్దుకుంటుంది, కాదనను. కానీ రెండు నిమిషాల్లో అరగదీసే దానికి మనిషి రోజుల తరబడి నొప్పి ఎందుకు భరించాలి? పళ్ళ మధ్య ఒక్క తల వెంట్రుక పడినా మనకి తెలుస్తుంది. అంత సూక్ష్మంగా పసిగట్టే నోరు "ఎత్తుగా ఉంది" అంటుంటే ఇక వేరే సాక్ష్యం ఏం కావాలి?

పన్నెండో రోజు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె మొదట చేసిన పని కుర్చీ నిటారుగా లేపడం. పడుకుంటే కింది దవడ కాస్త వెనక్కి జారుతుందట, అప్పుడు పళ్ళు కలిసే చోటు వేరు, కూర్చుని తినేటప్పుడు కలిసే చోటు వేరు. తర్వాత దూదితో పన్ను మీద తడి తుడిచారు, తడి మీద రంగు సరిగ్గా అంటదు కాబట్టి. 40 మైక్రాన్ల పల్చటి నీలం కాగితం పెట్టి, "గట్టిగా వద్దు, మామూలుగా టకటకా కొట్టండి" అన్నారు. ఎర్ర కాగితం పెట్టి దవడని అటూ ఇటూ, ముందుకీ జరపమన్నారు. అద్దం ఇచ్చి చూపించారు. మిగతా పళ్ళ మీద లేత నీలం చుక్కలు, ఫిల్లింగ్ మీద మాత్రం ముదురు నీలం వలయం, మధ్యలో తెల్లగా. "ఒత్తిడికి మధ్యలో రంగు పక్కకి తోసుకుపోయింది, ఎత్తు అక్కడే" అన్నారు. రెండుసార్లు గీశారు, మళ్ళీ కాగితం, ఇంకోసారి గీశారు. చివరగా 8 మైక్రాన్ల వెండిరంగు రేకు ఒకటి పెట్టి, నేను కరిచి పట్టుకుంటే లాగి చూశారు. పక్క పళ్ళ మధ్య ఎంత బిగువుగా ఆగిందో ఈ పన్ను దగ్గరా అంతే. అప్పుడు రెండువైపులా పళ్ళు ఒకేసారి కలిసిన చప్పుడు నాకే వినిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నన్నడిగితే ఈ పరీక్ష ఫిల్లింగ్‌కి ముందే మొదలవ్వాలి. డ్రిల్ పెట్టకముందు, ఇంజెక్షన్ కూడా ఇవ్వకముందు, ఒకసారి కాగితం కరిపించి ఏ పన్ను ఎక్కడ తగులుతోందో చూసుకోవాలి. ఆ గుర్తులు చేతిలో ఉంటే, పని అయ్యాక పళ్ళన్నీ మళ్ళీ అలాగే కలుస్తున్నాయా లేదా అన్నది ఊహించక్కర్లేదు. దీనికి అయ్యేది ఒక్క నిమిషం. ఫిల్లింగ్ మీద గాట్లు అచ్చం పన్నులాగే చెక్కి ఫొటో తీసి చూపించే ఓపిక ఉన్నవాళ్ళకి ఈ నిమిషం ఎందుకు దొరకదో నాకు అర్థం కాదు.

ఇంకో బాధ కూడా ఉంది. మా అక్కకి ఫిల్లింగ్ ఎత్తుగా ఉందంటే, ఫిల్లింగ్ వదిలేసి పైనున్న మంచి పన్నుని అరగదీశారు. పోయిన ఎనామిల్ మళ్ళీ రాదు. పై పన్ను మరీ సూదిగా పొడుచుకొచ్చి ఉంటే తప్ప దాన్ని ముట్టుకోనివ్వకండి. అలాగని ఫిల్లింగ్‌ని అసలు తగలనంతగా తగ్గించినా తప్పే. ఎదురు పన్ను ఆ ఖాళీలోకి మెల్లగా దిగిపోవచ్చు.

వెళ్ళినప్పుడు "నొప్పిగా ఉంది" అని ఊరుకోకండి. "నోరు మూస్తే ఈ పన్నే ముందు తగులుతోంది, కూర్చోబెట్టి చూడండి" అని చెప్పండి. ఫిల్లింగ్ పైపైన గీయడానికి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు, అది లేకపోతేనే తేడా మీకు తెలుస్తుంది. ఎత్తు తగ్గాక నాకు రెండు రోజుల్లో కరిస్తే వచ్చే నొప్పి పోయింది, చల్లదనం తగిలితే జివ్వుమనడం వారానికి తగ్గింది. మీకు మాత్రం ఏమీ కరవకపోయినా రాత్రిపూట దానంతట అదే పోటు పెడుతుంటే, లేదా వాపు వస్తే, అది ఎత్తు సంగతి కాకపోవచ్చు. లోపల నరం దాకా వెళ్ళిందేమో, ఎక్స్‌రే తీసి చూడమని అడగండి.