నాన్నగారికి ఏ యూరిన్ క్యాథెటర్ కొనాలి, 16 సైజా 18 సైజా?

ప్రోస్టేట్ పెరిగి యూరిన్ ఆగిపోయిందని, ఇంట్లో పెట్టుకోడానికి ఏది మంచిదని అడిగారు కదా, ముందు సైజు సంగతి చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లావు పైపు వేస్తే యూరిన్ బాగా వస్తుందనుకుంటారు. కానీ లావు పెరిగేకొద్దీ మూత్రనాళం ఒరుసుకుపోయి నొప్పి, పక్కనుంచి లీకవడం ఎక్కువవుతాయి. ఈ సైజు అంకెలు ఫ్రెంచ్ అనే కొలతలో ఉంటాయి, 3 ఫ్రెంచ్ అంటే పైపు 1 మి.మీ. లావు. మగవాళ్ళకి మామూలుగా 14 లేదా 16 సరిపోతుంది, 14కి చివర ఆకుపచ్చ రంగు, 16కి నారింజ రంగు ఉంటుంది. రక్తం గడ్డలు పడుతుంటే మాత్రం 20 పైన, మూడు దారులున్నది ఆసుపత్రిలోనే వేస్తారు.

రెండు మూడు వారాలకైతే లేటెక్స్ (రబ్బరు) ఫోలీ, అంటే మూత్రాశయంలో చిన్న బెలూన్ ఉబ్బి జారకుండా నిలిచే క్యాథెటర్, చాలు. నెలల తరబడి అవసరమైతే, లేదా రబ్బరు పడకపోతే, ఖరీదు ఎక్కువైనా పూర్తి సిలికాన్‌దే తీసుకోండి, అది 12 వారాల వరకు ఉంచవచ్చు. ప్రోస్టేట్ దగ్గర మామూలు పైపు దిగకపోతే కొన వంపు తిరిగిన టీమన్ రకం ఉంది, డాక్టర్‌ని అడగండి. ఆడవాళ్ళ పొట్టి క్యాథెటర్ మగవాళ్ళకి అస్సలు వాడకూడదు, బెలూన్ మూత్రనాళంలోనే ఉబ్బి ఆ నాళం చీలిపోవచ్చు.

యూరిన్ ఆగకుండా కారిపోవడమే సమస్య అయితే కండోమ్ క్యాథెటర్ (అంగానికి బయట తొడిగేది) చాలు, కానీ యూరిన్ ఆగిపోయిన మీ నాన్నగారికి అది పనికిరాదు. ఆయన చేతులు బాగా ఆడుతుంటే, రోజూ నాలుగైదుసార్లు క్యాథెటర్ తనే పెట్టుకుని తీసేసే పద్ధతి గురించి తప్పకుండా అడగండి, ఇన్ఫెక్షన్ భయం తక్కువ.