పొట్ట పోవాలి, కండ మిగలాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: బరువు తగ్గాం గానీ ఒంట్లో సత్తువ లేదు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. మోకాళ్ల నొప్పులవాళ్లు, నిద్ర పట్టనివాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సర్, నాకు 32 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 7 వారాల్లో 87 కిలోల నుంచి 78కి వచ్చాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, కూర, రాత్రి సలాడ్. అన్నం పూర్తిగా మానేశా. రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్. ఒళ్లు తగ్గించేటప్పుడు బరువులు తగ్గించి 20 రెప్స్ (ఆపకుండా 20 సార్లు ఎత్తడం) కొట్టాలని ట్రైనర్ అన్నారు, అలాగే చేస్తున్నా. ఇదివరకు 70 కిలోలు బెంచ్ (బల్ల మీద పడుకుని ఛాతీ మీంచి బరువు పైకి నెట్టడం) చేసేవాణ్ని, ఇప్పుడు 55 ఎత్తడానికే చేతులు వణుకుతున్నాయి. చేతులు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం అలాగే ఉంది. కండ కరిగిపోయిందా?
– మియాపూర్ పాఠకుడు

జవాబు: కొంత కరిగింది. మీరు భయపడుతున్నంత కాదు, కాబట్టి ముందు టెన్షన్ తగ్గించుకోండి. అన్నం మానేసిన మొదటి వారంలోనే కిలోన్నర, రెండు కిలోలు దిగి ఉంటారు, అందులో కొవ్వు కొద్దిగానే. మనం తినే పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా కండల్లో నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది, తిండిలో పిండిపదార్థం పడిపోతే ఆ నిల్వా తగ్గుతుంది, నీళ్లూ పోతాయి. చేతులు చిక్కినట్టు కనబడటంలో, రెండో సెట్‌కే, అంటే రెండో విడతకే, నీరసం రావడంలో దీని వాటా ఉంది. కొన్ని రోజులు కడుపునిండా అన్నం తింటే ఇది తిరిగి వచ్చేస్తుంది.

మిగతాది మాత్రం నిజమైన నష్టమే. వారానికి కిలో పైనే దిగారు, అంటే ఒంటి బరువులో ఒకటిన్నర శాతం. నార్వేలో క్రీడాకారుల మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది: అందరూ బరువులెత్తుతూనే ఉన్నారు, ఒక గుంపు వారానికి 0.7 శాతం చొప్పున తగ్గింది, ఇంకో గుంపు 1.4 శాతం చొప్పున. నెమ్మదిగా తగ్గినవాళ్లకి కొవ్వు పోతూనే కండ కాస్త పెరిగింది, తొందరపడ్డవాళ్లకి పెరగలేదు. వాళ్లు రాటుదేలిన ఆటగాళ్లు, వాళ్లకే తొందర కలిసి రాలేదు. మీ లెక్కకి వారానికి 400 నుంచి 550 గ్రాములు చాలు. రోజుకి 500 క్యాలరీలు కోస్తే దాదాపు అంతే వస్తుంది, ఒక కిలో ఒంటికొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి కాబట్టి.

ఇక మీ ట్రైనర్ గారి సలహా. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు, ఇది మన జిమ్‌లలో ఎప్పటినుంచో నడుస్తున్న మాటే, కానీ తలకిందుల సలహా. 20 రెప్స్ కొట్టినంత మాత్రాన ఆ చోట కొవ్వు ప్రత్యేకంగా కరగదు. కొవ్వు కరిగేది తిండిలో కోత వల్ల, బరువులెత్తేది ఉన్న కండని కాపాడుకోవడానికి. జీతం తగ్గిన ఇంట్లో ముందు వాడకుండా మూల పడున్నదే అమ్మకానికి వెళ్తుంది, ఒంట్లో కండ సంగతీ అంతే. 70 కిలోలకి అలవాటుపడ్డ ఛాతీకి రోజూ 40 కిలోలు చూపిస్తుంటే ఆ మిగతా కండని పోషించాల్సిన అవసరం ఒంటికి ఏముంది?

కాబట్టి బార్ మీద బరువు వీలైనంతవరకు తగ్గించకండి, సెట్లు తగ్గించండి. ఇదివరకు ఛాతీకి వారానికి 15 సెట్లు చేసేవారైతే ఇప్పుడు ఏడెనిమిది చాలు, కానీ అవి 6 నుంచి 10 రెప్స్ మధ్య, నిజంగా బరువనిపించేవిగా ఉండాలి. కండ పెంచడానికి పట్టేంత పని, ఉన్నది నిలుపుకోవడానికి అక్కర్లేదు. తక్కువ తింటున్నప్పుడు తేరుకోవడం ఎలాగూ ఆలస్యమవుతుంది, పాత లెక్కలోనే సెట్లు లాగుతూ పైన గంట ట్రెడ్‌మిల్ అంటే కాళ్లు ఎప్పుడు కోలుకోవాలి? ఆ గంట బదులు మామూలుగా నడవండి. ఫోన్ మాట్లాడుతూ నడిచినా నడకే.

తిండి దగ్గరికి వస్తే, మీరు రాసిన మెనూలో ప్రొటీన్ లెక్కేశాను, 40 గ్రాములు దాటడం కష్టం. మామూలు ఆరోగ్యవంతుడికి కిలో బరువుకి 0.83 గ్రాములు అని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది, దాని ప్రకారమే మీకు 65 దాకా రావాలి. బరువులెత్తుతూ తిండి కోసుకుంటున్నవాళ్లకి అది కూడా చాలదు, కిలోకి 1.6 గ్రాములు పెట్టుకోండి, మీకు 125. వినడానికి ఎక్కువే. కానీ మూడు గుడ్లు, పచ్చిగా తూచిన 150 గ్రాముల చికెన్ బ్రెస్ట్, గుప్పెడు మీల్ మేకర్ అంటే పొడిగా ఓ 30 గ్రాములు, 300 గ్రాముల పెరుగు, 50 గ్రాముల పప్పు, ఒక స్కూపు వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి), మీ అన్నంలో పుల్కాల్లో వచ్చే పదో పన్నెండో కలిపితే అక్కడికి వచ్చేస్తారు. వే నచ్చకపోతే ఇంకో 100 గ్రాముల చికెనో చేపో వేసుకోండి, డబ్బా కొనాలన్న రూలేం లేదు. నూనె మాత్రం చూసుకోండి, ఒక్కో గ్రాముకి 9 క్యాలరీలు. చికెన్ ఫ్రై అని గిన్నె అడుగున నూనె తేలేది తింటే చికెన్ లెక్క కుదురుతుంది గానీ క్యాలరీల లెక్క తప్పుతుంది.

అన్నం మళ్లీ మొదలుపెట్టండి, జిమ్‌కి వెళ్లే ముందు పూట అయితే మరీ మంచిది. రెండు వారాలు బరువు నిలకడగా ఉండేంత తినండి, ఆ తర్వాత మళ్లీ కోత. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో రాయలేదు. షికాగో విశ్వవిద్యాలయంవాళ్లు 2010లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించారు, ఒకే మనుషులకి అంతే కోత తిండి పెట్టి, ఓసారి 8.5 గంటలు, ఓసారి 5.5 గంటలు పడుకునే వీలిచ్చి చూశారు, తగ్గిన బరువు రెండుసార్లూ దగ్గరదగ్గరే, కానీ నిద్ర తగ్గినప్పుడు కొవ్వు సగానికన్నా తక్కువ పోయింది, మిగతాది కండ లాంటివాటి నుంచి పోయింది. అమెరికా కాల్స్ ఉన్నాయంటారేమో, ఉంటే వాటి తర్వాత లేచే టైమైనా మార్చుకోండి.

పొట్ట ఎందుకు పోలేదంటే, చాలామంది మగవాళ్లకి చివర్న పోయేది అదే. వెయింగ్ మెషిన్ ఒక్కటీ నమ్మకుండా వారానికోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. బెంచ్ మీద ఐదు కిలోలు తగ్గి, పులప్స్ ఇదివరకటికన్నా రెండు ఎక్కువ వస్తున్నాయంటే దిగులు పడక్కర్లేదు, ఒంటి బరువు తగ్గితే అలాగే ఉంటుంది. రెండూ వరసగా మూడు వారాలు పడిపోతుంటే అప్పుడు కోత ఎక్కువైందని అర్థం.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, 71 కిలోలు. గుడ్డు కూడా తినం. మూడు పూటలా కొర్రలు, అండుకొర్రలు తిని ఆరు కిలోలు తగ్గాను కానీ కింద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతున్నా, జుట్టు రాలుతోంది. డంబెల్స్ ఎత్తితే ఆడవాళ్లు మగవాళ్లలా అయిపోతారని మా ఆయన నవ్వుతున్నారు. ఏం చేయాలి?
– రాజమండ్రి గృహిణి

జవాబు: మీ ఆయన్ని నవ్వనివ్వండమ్మా. అంత కండ పెరగడానికి కావలసిన టెస్టోస్టెరాన్ ఆడవాళ్లలో చాలా తక్కువ, ఏళ్ల తరబడి జిమ్‌లో కష్టపడే మగపిల్లలకే అది రాక ఏడుస్తుంటారు. కొర్రలు మంచివే, పీచు ఉంటుంది, కానీ అవీ ధాన్యమే, వాటితో ప్రొటీన్ లెక్క తీరదు. మీ పళ్లెంలో లోటు అక్కడుంది. పలచటి పప్పుచారు రెండు గరిటెలు పోసుకుని పప్పు తిన్నాం అనుకుంటాం, అందులో ఉండేది ఒక చెంచాడు పప్పే.

మీకు రోజుకి 85 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ వస్తే బాగుంటుంది. ఒక పూట ఇడ్లీ బదులు పెసరట్టు వేసుకోండి, ముద్దపప్పు గట్టిగా ఉండనివ్వండి, మీల్ మేకర్‌ని నీళ్లలో ఉడికించి పిండేసి కూరలో వేయండి, పొడిగా 100 గ్రాములకి 50 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది, శాకాహారంలో అంత చవగ్గా ఇంకోటి దొరకదు. రోజూ పనీర్ 100 గ్రాములు, పెరుగు రెండు కప్పులు. పల్లీల్లోనూ ప్రొటీన్ ఉంది కానీ వాటిలో సగం దాకా నూనే, గుప్పెడుతో ఆపాలి.

వ్యాయామానికి జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, వంటింటి గట్టుకి చేతులు ఆన్చి పుషప్స్, సంచిలో నీళ్ల సీసాలు పెట్టి నడుం వంచి నడుము దాకా లాగడం. వారానికి మూడు రోజులు, ఒక్కోటీ మూడు సెట్లు. 12 సార్లు తేలిగ్గా వచ్చేస్తోందంటే బరువు పెంచాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు. ఐదు కిలోల బియ్యం సంచి ఛాతీకి హత్తుకుని కుర్చీలోంచి లేవగలిగితే నేల మీంచి లేవడం దానంతటదే వస్తుంది. జుట్టు సంగతికొస్తే, బరువు గబగబా తగ్గినప్పుడు రెండు మూడు నెలలకి రాలడం మామూలే, తిండి సర్దుకుంటే చాలావరకు ఆగుతుంది, కానీ ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, బి12 చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 63, షుగర్. డాక్టర్ వారానికో ఇంజెక్షన్ రాశారు, ఆకలి బాగా తగ్గి 8 కిలోలు దిగారు. తొడలు పీలగా అయిపోయాయి, మెట్లెక్కితే ఆయాసం. ప్రొటీన్ ఎక్కువ పెడితే కిడ్నీలు పోతాయని బంధువులు అంటున్నారు.
– కరీంనగర్ నుంచి

జవాబు: ఇంజెక్షన్ మీ అంతట మీరు ఆపకండి, అది డాక్టర్ గారి నిర్ణయం. ఆ ఆయాసం మాత్రం ముందు చూపించండి, షుగర్ ఉన్నవాళ్లలో దాన్ని కండకి వదిలేయకూడదు, గుండె సంగతి తేలాలి. ఇలాంటి మందులతో తగ్గే బరువులో పావు వంతు నుంచి 40 శాతం దాకా కొవ్వు కానిది పోయినట్టు పరీక్షల్లో చూశారు, కాబట్టి తొడల గురించి మీరు పడే కంగారు అర్థం లేనిది కాదు. కిడ్నీల విషయంలో బంధువుల మాట సగం నిజం. కిడ్నీలు బాగున్నవాళ్లకి దీనివల్ల చెడిపోతాయని తేలలేదు, కానీ షుగర్ ఉన్నవాళ్లలో ముందే దెబ్బతిని ఉండొచ్చు. అందుకని కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించి, బాగుంటే కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు పెట్టండి, బాగోకపోతే డాక్టర్ చెప్పినంతే.

ఆకలి లేనివాళ్లకి వడ్డించే వరస మార్చండి. ముందు గుడ్డో చేపో పెరుగో, తర్వాత అన్నం, ఎందుకంటే నాలుగు ముద్దలకే చాలంటారు. గుండె పరీక్ష అయ్యాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఆయనకీ పనికొస్తుంది, పెద్దవాళ్లకి కండ నిలవాలంటే కుర్రాళ్లకన్నా కాస్త ఎక్కువ పనే కావాలి కనుక వారానికి ఒక్కరోజుతో సరిపెట్టకండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ కూడా వాడుతుంటే, తిండి తగ్గింది కాబట్టి షుగర్ పడిపోవచ్చు, మోతాదు గురించి ఈ వారమే అడగండి.

ప్రశ్న: ఫ్యాట్ బర్నర్, క్రియాటిన్ – ఏది వాడాలి? చెమట పట్టే బెల్టు పని చేస్తుందా?
– విజయవాడ, 24 ఏళ్లు

జవాబు: బెల్టుతో పోయేవి నీళ్లు, సాయంత్రం తాగితే వచ్చేస్తాయి. ఫ్యాట్ బర్నర్లలో చాలావాటిలో ప్రధానంగా ఉండేది కెఫీన్, దానికి ఫిల్టర్ కాఫీ చాలు, రుచి కూడా బాగుంటుంది. క్రియాటిన్ మోనోహైడ్రేట్, అంటే కండలకి శక్తి అందించడానికి వాడే పొడి, రోజుకి 3 నుంచి 5 గ్రాములు తీసుకోవచ్చు, తిండి కోతలో బలం నిలుపుకోవడానికి సాయపడుతుంది, కండల్లోకి నీళ్లు చేరి కాటా ఒక కిలో పెరిగితే మాత్రం కొవ్వనుకుని ఇంకా తిండి తగ్గించకండి. రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించొచ్చు, పరీక్ష రాసిన డాక్టర్‌కి ఇది వాడుతున్నానని ముందే చెప్పండి.